రచయిత అర్హత నుండి ఆధార నిరూపణకు : బహిరంగ విజ్ఞాన సర్వస్వాల విశ్వసనీయత – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

పరిశోధన గ్రంథాన్ని చదివే పాఠకుడు రచయిత వాదాన్ని అనుసరిస్తాడు, ఆధారాలను తూచి చూస్తాడు, అంగీకరిస్తాడు లేదా విభేదిస్తాడు. విజ్ఞాన సర్వస్వం విషయంలో ఈ అవకాశం తక్కువ. తనకు తెలియని విషయం కోసమే పాఠకుడు దాన్ని తెరుస్తాడు కాబట్టి అందులోని మాట నిజమో కాదో తనంతట తాను నిర్ణయించుకోగల స్థితి అతనికి ఉండదు. విజ్ఞాన సర్వస్వ నిర్మాతలు ఏ కాలంలోనైనా ఎదుర్కొన్న ప్రధాన సమస్య ఇదే. పరీక్షించలేని పాఠకుడికి నమ్మకం ఏ ప్రాతిపదికన కలిగించాలి?

అచ్చు విజ్ఞాన సర్వస్వాలు ఈ ప్రశ్నకు వ్యక్తుల పేర్లతో సమాధానం చెప్పాయి. ప్రధాన సంపాదకుని పాండిత్యం, వ్యాసకర్తల అర్హతలు, ప్రచురణ సంస్థ ప్రతిష్ఠ నమ్మకానికి హామీగా నిలిచాయి. 2001లో మొదలైన వికీపీడియా ఈ మూడింటినీ పక్కన పెట్టింది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు అన్నది దాని నియమం. నాటి నుండి విద్యావేత్తల మధ్య రెండు వాదాలు బలంగా వినిపిస్తున్నాయి. నిపుణుల సమీక్ష లేని రచన నమ్మదగినది కాదన్నది ఒకటి. అనేకులు చూసే చోట తప్పులు ఎక్కువ కాలం నిలవవన్నది రెండవది.

గడచిన పాతికేళ్ల చరిత్రను పరిశీలిస్తే ఈ రెండు వాదాలూ అసంపూర్ణమని తెలుస్తుంది. బహిరంగ విజ్ఞాన సర్వస్వాలలో నిపుణ సమీక్ష అంతరించలేదు, దాని స్థానం మారింది. ప్రచురణకు ముందు జరిగే పరిశీలన ప్రచురణ తరువాతకు జరిగింది. రచయిత అర్హతకు ఉన్న ప్రాధాన్యం అతడు చూపే ఆధారానికి సంక్రమించింది. ఈ మార్పు ఎలా జరిగింది, దాని పరిమితులు ఏమిటి, తెలుగు వంటి భాషలో అది విద్యారంగంపై ఏ బాధ్యతను మోపుతున్నది అనే విషయాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

అచ్చు యుగం – నిపుణుని హామీ

తెలుగులో ఆధునిక విజ్ఞాన సర్వస్వ నిర్మాణానికి ఆద్యుడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు (1877–1923). 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపనలో ప్రముఖ పాత్ర వహించిన ఆయన, ఆ అనుభవంతో ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ను తలపెట్టారు. దాని తొలి సంపుటం 1915లో వెలువడింది. మల్లంపల్లి సోమశేఖర శర్మ వంటి వారు ఆ కృషిలో ఆయనకు తోడ్పడ్డారు. అయినా పర్యవేక్షణ భారమంతా ప్రధానంగా ఒక్కరి భుజాల మీదనే సాగింది. అకారాది క్రమంలో మొదలైన ఆ రచన అకారాన్ని దాటకముందే లక్ష్మణరావు మరణించారు. 1930వ దశకంలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ పనిని తిరిగి చేపట్టినా అది పూర్తి కాలేదు.

స్వాతంత్ర్యానంతరం ఈ లోటును సంస్థలు తీర్చడానికి ప్రయత్నించాయి. మద్రాసులో ఏర్పడిన తెలుగు భాషా సమితి విషయాల వారీగా సంపుటాలను వెలువరించింది. హైదరాబాదులో ఖండవల్లి లక్ష్మీరంజనం ప్రధాన సంపాదకత్వంలో ‘సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశము’ ఎనిమిది సంపుటాలుగా వచ్చింది. ఈ రెండింటిలోనూ ఆయా శాస్త్రాలలో పేరుగల వారు వ్యాసాలు రాశారు. వాటి ప్రామాణికతకు నేటికీ లోటు లేదు. కాని ఒక సంపుటం అచ్చయిన తరువాత అందులోని దోషాన్ని సవరించాలంటే మరో ముద్రణ వరకు ఆగాలి. అంతటి గ్రంథాలకు మరో ముద్రణ రావడం తెలుగులో అరుదు. నిపుణుడు రాసినప్పుడు ఉన్న ప్రామాణికత కాలం గడిచే కొద్దీ తరిగిపోతుంది. అది తరిగిన సంగతిని పాఠకుడికి తెలిపే ఏర్పాటు అచ్చు ప్రతిలో ఉండదు.

నిపుణ సమీక్షకు మరొక పరిమితి కూడా ఉంది. సమీక్షకుడు తన కాలపు దృక్పథం నుండి విడివడి చూడలేడు. ఆంధ్ర సాహిత్య పరిషత్తు నిర్మించిన ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ తొలి సంపుటం 1936లో వచ్చింది. దానిని కూర్చినవారు మహాపండితులు. అయితే వారు కావ్య ప్రయోగాలనే ప్రధాన ప్రమాణంగా స్వీకరించారు. వ్యావహారిక భాషావాది గిడుగు రామమూర్తి ఈ నిఘంటువును విమర్శించారు. ఆ విమర్శ వెనుక ఉన్నది పండితుల సామర్థ్యం మీద అనుమానం కాదు. ఏది ప్రమాణం, దాన్ని నిర్ణయించే హక్కు ఎవరిది అనే మౌలికమైన ప్రశ్న. నిపుణులు పరిశీలించారు అన్నంత మాత్రాన ఆ ప్రశ్న ముగిసిపోదని ఈ ఉదంతం తెలుపుతుంది.

బహుజన సేకరణ – శాస్త్రీయ పరిష్కరణ

సామాన్యుల భాగస్వామ్యంతో ప్రామాణిక గ్రంథాన్ని నిర్మించడం అంతర్జాలంతో పుట్టిన ఆలోచన కాదు. లండను ఫిలలాజికల్ సొసైటీ 1857లో ప్రతిపాదించిన ఆంగ్ల నిఘంటువు తరువాత ‘ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ’గా రూపొందింది. 1879లో దాని సంపాదకుడు జేమ్స్ మరే ఆంగ్లం చదివే ప్రజలందరికీ ఒక విజ్ఞప్తి ప్రకటించాడు. పుస్తకాలు చదివి పద ప్రయోగాలను చీటీల మీద రాసి పంపమన్నది దాని సారాంశం. పంపినవారి విద్యార్హతలతో ఆయనకు నిమిత్తం లేదు. ప్రతి చీటీ మీద ప్రయోగ వాక్యం, గ్రంథం పేరు, కాలం, పుట సంఖ్య ఉండాలన్నదే ఆయన నియమం. ఆధారం స్పష్టంగా ఉంటే సంపాదకవర్గం దాన్ని సరిచూసుకోగలదు. చీటీ పంపినవాడు ఎవరైనా కావచ్చు, చీటీ మీది ఆధారం మాత్రం పరీక్షకు నిలవాలి.

తెలుగులో ఇందుకు సమానమైన కృషి ‘మాండలిక వృత్తి పదకోశం’. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ దాని వ్యవసాయ పదాల సంపుటాన్ని 1962లో ప్రచురించింది. ఇందులో విషయాన్ని అందించినవారు రైతులు. వారు చెప్పిన మాటను ఏ ప్రాంతంలో విన్నదీ నమోదు చేయడం, ధ్వనిరూపాన్ని నిర్దిష్టంగా గుర్తించడం, పోల్చడం భాషాశాస్త్రజ్ఞుల పని. ఇక్కడ నిపుణుడు జ్ఞానానికి యజమాని కాడు. జ్ఞానం సాగుచేసేవారి వద్ద ఉంది. దాన్ని పరీక్షకు నిలిచే రూపంలో భద్రపరచడం నిపుణుని వంతు అయింది.

ఈ రెండు గ్రంథాలను బట్టి ఒక విషయం గమనించవచ్చు. విస్తృత భాగస్వామ్యం, విశ్వసనీయత పరస్పర విరుద్ధాలు కావు. ఆ రెంటినీ కలిపేది ప్రతి అంశానికీ జాడ చూపగల పద్ధతి. వికీపీడియా ఈ పద్ధతిని ఒక్కసారిగా అందుకోలేదు. వైఫల్యాల ద్వారా క్రమంగా నేర్చుకుంది.

నుపీడియా నుండి వికీపీడియాకు

వికీపీడియాకు ముందు దాని వ్యవస్థాపకులు చేసిన ప్రయత్నం పూర్తిగా నిపుణ సమీక్ష మీద ఆధారపడినది కావడం విశేషం. 2000 మార్చిలో జిమ్మీ వేల్స్‌కు చెందిన బోమిస్ సంస్థ నుపీడియాను ప్రారంభించింది. తత్త్వశాస్త్రంలో పరిశోధన చేసిన లారీ శాంగర్ దానికి ప్రధాన సంపాదకుడు. సంపాదకులు తమ రంగాలలో నిజమైన నిపుణులై ఉండాలని, కొద్దిమంది మినహా అందరికీ డాక్టరేటు ఉండాలని ఆశించారు. ఒక వ్యాసం వెలువడాలంటే ఏడు దశలు దాటాలి. వ్యాసాన్ని ఒకరికి అప్పగించడం, ముఖ్య సమీక్షకుని ఎంపిక, అతని సమీక్ష, బహిరంగ సమీక్ష, భాషా పరిష్కరణ, బహిరంగ భాషా పరిష్కరణ, తుది ఆమోదం అనేవి ఆ దశలు.

ఫలితం నిరాశ కలిగించింది. 2003లో మూతపడేనాటికి నుపీడియాలో అన్ని దశలూ దాటిన వ్యాసాలు పాతిక మాత్రమే. నిపుణులు లేకపోవడం ఇందుకు కారణం కాదు. పారితోషికం లేని పనికి, అనేక దశల నిరీక్షణకు వారి సమయం అందలేదు. నిపుణుని సమయం అరుదైన వనరు. ఆ వనరును ప్రతి వ్యాసానికీ ప్రవేశద్వారం దగ్గర నిలబెట్టిన వ్యవస్థ ముందుకు సాగలేదు.

ఈ మందగమనానికి ఉపాయంగా వచ్చినదే వికీ పద్ధతి. వార్డ్ కన్నింగ్‌హమ్ 1995లో రూపొందించిన ఈ సాధనంలో పుటను చదివేవారే దాన్ని మార్చగలరు. నుపీడియాకు ముడిసరుకు సమకూర్చే ఉద్దేశంతో 2001 జనవరి 15న వికీపీడియా మొదలైంది. ఏడాది తిరిగేసరికి అందులో వేల సంఖ్యలో వ్యాసాలు చేరాయి. సహాయకంగా పుట్టినది ప్రధానమైంది. ప్రధానమైనది మరుగున పడింది. శాంగర్ 2002లో ఈ కృషి నుండి వైదొలిగాడు. నిపుణుల పట్ల గౌరవం లేని సంస్కృతి వికీపీడియాను దెబ్బతీస్తున్నదని 2004 చివర ఒక వ్యాసంలో విమర్శించాడు. బ్రిటానికా పూర్వ ప్రధాన సంపాదకుడు రాబర్ట్ మెక్‌హెన్రీ అదే ఏడాది నవంబరులో మరో లోపాన్ని చూపాడు. అలెగ్జాండర్ హామిల్టన్ జన్మ సంవత్సరం మీద చరిత్రకారులలో ఉన్న సందేహాన్ని ఆ వ్యాసం సరిగా ప్రతిబింబించలేదని, పదేపదే దిద్దుబాట్లు జరిగినా వ్యాసం మెరుగుపడకపోగా దిగజారిందని ఆయన వాదించాడు. ఎక్కువమంది దిద్దితే తప్పక మేలవుతుందన్న నమ్మకానికి ఇది గట్టి ఆక్షేపణ.

2005 – రెండు పరీక్షలు

విశ్వసనీయతా చర్చలో 2005 కీలకమైన సంవత్సరం. ఆ ఏడాది మే నెలలో అమెరికా పత్రికా రచయిత జాన్ సీగెన్‌థాలర్ గురించిన వ్యాసంలో ఒక అజ్ఞాత వ్యక్తి, కెనెడీ సోదరుల హత్యలతో ఆయనకు సంబంధం ఉందని అనుమానించారన్న కట్టుకథను చేర్చాడు. అది నాలుగు నెలల పైచిలుకు అలాగే ఉండిపోయింది. నవంబరు 29న ‘యూఎస్ఏ టుడే’ పత్రికలో సీగెన్‌థాలర్ ఈ సంగతిని బహిరంగపరిచాడు. అనేకమంది కళ్లు ఉన్నాయన్న మాట సిద్ధాంతరీత్యా నిజమే కావచ్చు. ఆ కళ్లు ఏ పుట మీద ఎప్పుడు పడతాయో హామీ లేదని ఈ ఘటన రుజువు చేసింది. డిసెంబరులో ఆంగ్ల వికీపీడియా కొత్త పుటలను సృష్టించే అవకాశాన్ని నమోదైన సభ్యులకే పరిమితం చేసింది. జీవించి ఉన్న వ్యక్తుల గురించిన రచనకు కఠిన నియమాలు ఆ తరుణంలోనే రూపొందాయి.

అదే డిసెంబరులో ‘నేచర్’ పత్రిక మరో రకమైన ఫలితాన్ని ప్రకటించింది. విజ్ఞానశాస్త్ర విషయాల మీద వికీపీడియా, బ్రిటానికా వ్యాసాలను ఏది ఎక్కడిదో తెలియనీయకుండా ఆయా రంగాల నిపుణులకు పంపింది. ఉపయోగించదగిన సమీక్షలు 42 అంశాలకు అందాయి. వికీపీడియాలో 162, బ్రిటానికాలో 123 దోషాలు తేలాయి. అంటే వ్యాసానికి సగటున నాలుగు, మూడు. తీవ్రమైన దోషాలు రెండింటిలోనూ నాలుగేసి ఉన్నాయి. వికీపీడియా వ్యాసాల నిర్మాణం గజిబిజిగా ఉందని కొందరు సమీక్షకులు పేర్కొన్నారు. 2006 మార్చిలో బ్రిటానికా ఈ పద్ధతిని తీవ్రంగా ఖండించింది. ‘నేచర్’ తన ఫలితాన్ని ఉపసంహరించుకోలేదు.

ఈ అధ్యయనాన్ని వికీపీడియా విజయంగా ప్రచారం చేయడం పరిపాటి. నిజానికి దాని నుండి గ్రహించవలసినవి వేరే ఉన్నాయి. మొదటిది, నిపుణులు రాసిన వ్యాసంలోనూ సగటున మూడు దోషాలు ఉండడం. రెండవది, రెండు గ్రంథాలలోని తప్పులను గుర్తించినవారు నిపుణులే కావడం. మూడవది, పరిశీలన విజ్ఞానశాస్త్రానికి పరిమితం కావడం. ప్రపంచమంతటా ఒకే పాఠం, సమృద్ధిగా ఆధారాలు ఉన్న రంగం అది. సాహిత్య చరిత్ర, ప్రాంతీయ చరిత్ర వంటి వివాదాస్పద రంగాలకు ఆ ఫలితాన్ని వర్తింపజేయడానికి వీలులేదు. మరొక చారిత్రక సత్యాన్నీ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1869లో మొదలైన ‘నేచర్’ సైతం బయటి నిపుణుల సమీక్షను క్రమబద్ధమైన నియమంగా పాటించడం 1973 నుండే. నేడు శాశ్వత ప్రమాణంగా కనిపిస్తున్న సమీక్షా విధానం కూడా చరిత్రలో క్రమంగా రూపొందినదే.

నిపుణులను తిరిగి ప్రతిష్ఠించే యత్నాలు

2005 తరువాత బహిరంగ రచనకు నిపుణ సమీక్షను జోడించాలని పలు ప్రయోగాలు జరిగాయి. 2006లో యూజిన్ ఇజికేవిచ్ ప్రారంభించిన స్కాలర్‌పీడియా, గుర్తింపు పొందిన శాస్త్రజ్ఞులను ఆహ్వానించి రాయించి సమీక్ష జరిపించింది. నాణ్యత దక్కింది, విస్తృతి కొన్ని శాస్త్ర విభాగాలను దాటలేదు. శాంగర్ స్థాపించిన సిటిజెండియం 2007 మార్చిలో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. సభ్యులు అసలు పేర్లతో రాయాలి. విషయ నిపుణులైన సంపాదకులు వ్యాసాలను ఆమోదించాలి. అందులో చేరిన వ్యాసాలు సుమారు 16 వేలు కాగా నిపుణామోదం పొందినవి రెండు వందలకు లోపే. 2008లో గూగుల్ సంస్థ నోల్ పేరుతో రచయితల పేరు ప్రధానంగా ఉండే వ్యాస సంచయాన్ని ప్రజలముందుకు తెచ్చింది. అది 2012లో మూతపడింది.

సిటిజెండియం అనుభవం ప్రత్యేకంగా పరిశీలించదగినది. నిపుణుని ఆమోదముద్రకు అధికారం ఇచ్చినప్పుడు నిపుణుడు ఎవరన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. అక్కడి హోమియోపతి వ్యాసం ఆ వైద్య విధానాన్ని అనుసరించేవారి ప్రభావంలో రూపొందిందన్న విమర్శ వచ్చింది. ఒక రంగంలో పనిచేసేవారే ఆ రంగానికి ఏకైక నిపుణులా, దాన్ని బయటి నుండి పరీక్షించేవారు కూడా నిపుణులేనా అన్న చిక్కు అర్హతా పత్రాల ద్వారా తీరేది కాదు.

వికీపీడియా లోపల జరిగిన ప్రయోగాలు ఇంతకంటే నిరాడంబరమైనవి. 2008 మే నెలలో జర్మన్ వికీపీడియా, కొత్త సభ్యులు చేసిన మార్పును అనుభవజ్ఞుడైన సభ్యుడు చూసిన తరువాతనే పాఠకులకు కనిపించే ఏర్పాటును చేపట్టింది. అయితే ఆ పరిశీలన విధ్వంసక మార్పులను ఆపడానికే ఉద్దేశించినది; విషయం సరైనదని ధ్రువీకరించేది కాదు. ఆంగ్ల వికీపీడియా ఇటువంటి పద్ధతినే 2010లో పరీక్షించి 2012 నుండి ఎంపిక చేసిన పుటలకు వర్తింపజేసింది.

శాస్త్ర పత్రికలు ముందుకు వచ్చిన సందర్భాలలో మెరుగైన ఫలితాలు కనిపించాయి. ‘ఆర్ఎన్ఏ బయాలజీ’ పత్రిక 2008 చివర ఒక విభాగానికి కొత్త నిబంధన పెట్టింది. ఆర్ఎన్ఏ కుటుంబాల మీద వ్యాసం పంపే రచయితలు అదే విషయం మీద వికీపీడియాకు కూడా పాఠం సిద్ధం చేయాలి. ‘పీఎల్ఓఎస్ కంప్యుటేషనల్ బయాలజీ’ 2012 నుండి విషయ పరిచయ వ్యాసాలను నిపుణ సమీక్ష అనంతరం తన పుటలలో ప్రచురించి, ఆ పాఠాన్నే వికీపీడియాలో చేర్చే పద్ధతిని అనుసరించింది. 2014లో వికీపీడియాలోని డెంగీ జ్వరం వ్యాసం సమీక్షానంతరం ‘ఓపెన్ మెడిసిన్’ పత్రికలో వెలువడింది. ఈ ఏర్పాటులో నిపుణుడు ద్వారం దగ్గర కావలి కాయడు. సమీక్ష పొందిన పాఠం పత్రికలో స్థిరంగా ఉంటుంది. మారే పాఠం వికీపీడియాలో ఉంటుంది. పాఠకుడు రెండింటినీ పోల్చి చూసుకోగలడు.

అర్హత స్థానంలో ఆధారం

2006లో ‘న్యూయార్కర్’ పత్రిక వికీపీడియా గురించిన వ్యాసంలో ఒక నిర్వాహకుని మతశాస్త్ర ఆచార్యునిగా పరిచయం చేసింది. అతడు ఉన్నత పట్టాలేవీ లేని 24 ఏళ్ల యువకుడని 2007 తొలినాళ్లలో బయటపడింది. సభ్యులు చెప్పుకునే విద్యార్హతలను ధ్రువీకరించే ఏర్పాటు ఉండాలని వేల్స్ సూచించినా సభ్యసమాజం అంగీకరించలేదు. అర్హతను ధ్రువీకరిస్తే దానికి వాదంలో అదనపు బరువు ఇచ్చినట్లవుతుందని, ఆ బరువు ఆధారానికే దక్కాలని ఈ నిరాకరణకు అర్థం చెప్పుకోవచ్చు.

అప్పటికే వికీపీడియాలో మూడు నియమాలు స్థిరపడ్డాయి. తటస్థ దృక్కోణం, నిర్ధారణ యోగ్యత, మౌలిక పరిశోధనకు చోటులేకపోవడం అనేవి అవి. ఈ మూడూ కలిసి రచయితను తప్పించి అతడు చూపే గ్రంథాన్ని ముందుకు తెస్తాయి. ఆచార్యుడు రాసినా విద్యార్థి రాసినా నమ్మదగిన ప్రచురణను చూపవలసిందే. ఆ ప్రచురణను నమ్మదగినదిగా చేసేది మళ్లీ విద్యారంగంలోని సంపాదకత్వం, సమీక్ష. కనుక వికీపీడియా నిపుణ సమీక్షను తోసిపుచ్చిందనడం పైపై మాట. అది ఇతరులు జరిపిన నిపుణ సమీక్ష మీద ఆధారపడుతుంది.

ఈ పద్ధతి గుణాన్ని తెలుగు సాహిత్య చరిత్ర నుండి ఒక ఉదాహరణతో వివరించవచ్చు. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని ‘కుమారసంభవము’ను వెలుగులోకి తెచ్చి, ఆ కవి నన్నయకు పూర్వుడని ప్రతిపాదించారు. ఆ కాలనిర్ణయం మీద పండితుల మధ్య దీర్ఘకాలం వాదోపవాదాలు సాగాయి. 1910లో ఎవరో ఒక పండితుని ఆమోదముద్రతో ఈ అంశం ఒక విజ్ఞాన సర్వస్వంలో స్థిరపడి ఉంటే, ఆ ముద్ర ఒక పక్షపు తీర్పే అయ్యేది. ఏ వాదాన్ని ఎవరు ఏ గ్రంథంలో ఏ ఆధారాలతో చేశారో నమోదు చేసే పద్ధతిలో వివాదం వివాదంగానే పాఠకుడికి అందుతుంది. పోతన జన్మస్థలం బమ్మెరా, ఒంటిమిట్టా అన్న చర్చకూ, వేమన కాలనిర్ణయానికీ ఇదే వర్తిస్తుంది. దిద్దుబాటు చరిత్ర, చర్చా పుట ఎల్లప్పుడూ తెరిచి ఉండడం ఇందుకు తోడ్పడే మరో అంశం. అచ్చు విజ్ఞాన సర్వస్వంలో సంపాదకుల మధ్య జరిగిన చర్చ పాఠకుడికి చేరదు.

ఈ పద్ధతికి పరిమితులు లేకపోలేదు. ఆధారం చూపినంత మాత్రాన ఆ ఆధారం స్వతంత్రమైనదని చెప్పలేం. 2008లో ఒకరు కోటి అనే దక్షిణ అమెరికా జంతువుకు ‘బ్రెజిల్ ఆర్డ్‌వార్క్’ అనే కల్పిత నామాన్ని వేడుకగా ఆంగ్ల వికీపీడియాలో చేర్చారు. పత్రికలు దాన్ని వాడాయి. ఆ పత్రికలనే తిరిగి వికీపీడియాలో ఆధారంగా చూపారు. కల్పన తనకు తానే సాక్ష్యమైంది. ఇటువంటి వలయాన్ని ఛేదించగలవాడు ఆ రంగంలోని మూల గ్రంథాలు తెలిసినవాడే. నిపుణుని అవసరం తప్పనిసరయ్యే చోటు ఇది.

చిన్న సమాజాల చిక్కు – తెలుగు స్థితి

బహిరంగ పద్ధతి సఫలం కావాలంటే రెండు షరతులు నెరవేరాలి. దిద్దేవారు తగినంతమంది ఉండాలి; ఆధారంగా చూపదగిన సాహిత్యం అందుబాటులో ఉండాలి. ఆంగ్లంలో ఈ రెండూ ఉన్నాయి. అనేక భాషలలో లేవు. స్కాట్స్ భాషా వికీపీడియాలో వేల వ్యాసాలను ఆ భాష రాని ఒక అమెరికా కుర్రవాడు ఏళ్లతరబడి రాసినట్లు 2020లో బయటపడింది. దురుద్దేశం లేని ఆ పొరపాటును అంతకాలం ఆపగలిగినవారు లేకపోయారు. క్రొయేషియన్ వికీపీడియాలో ఒక చిన్న బృందం చరిత్ర వ్యాసాలను తమ రాజకీయ దృక్పథానికి అనుకూలంగా మలచిన తీరును వికీమీడియా ఫౌండేషన్ 2021లో వెలువరించిన నివేదిక వివరించింది. ఒకచోట చూసేవారు లేరు. మరొకచోట చూసేవారందరూ ఒకే పక్షం వారు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైంది. కొద్దిమంది స్వచ్ఛంద సభ్యులు రెండు దశాబ్దాలుగా దాన్ని పెంచి పోషించారు. వారి కృషి వల్లనే గ్రామాల సమాచారం మొదలు సినిమాల వరకు తెలుగులో వెదికితే దొరికే స్థితి ఏర్పడింది. అయితే విస్తారమైన పుటలతో పోలిస్తే వాటిని నిరంతరం పరిశీలించేవారు బహు తక్కువ. 2009 ప్రాంతంలో గూగుల్ సంస్థ అనువాద సాధనంతో ఆంగ్ల వ్యాసాలను తెలుగు, తమిళం మొదలైన భాషలలోకి తెచ్చే కార్యక్రమం చేపట్టినప్పుడు ఈ కొరత స్పష్టంగా కనిపించింది. వ్యాసాలు పొడవైనవి, ఆధారాల జాబితాలు కూడా వెంట వచ్చాయి. వాక్య నిర్మాణం మాత్రం తెలుగుది కాదు. వాటిని బాగుచేయడం అక్కడి సభ్యులకు చాలాకాలం భారమైంది. ఆధారం సరిగా ఉన్నా భాష సరిగా లేకపోతే పాఠకుడికి విషయం చేరదు. విశ్వసనీయతలో భాషా పరిష్కరణకు గల స్థానాన్ని ఈ ఉదంతం తెలియజేస్తున్నది. తెలుగు శాఖలవారి నైపుణ్యం సూటిగా ఉపయోగపడే రంగం ఇది.

రెండవ షరతు ఇంకా కీలకమైనది. తెలుగు సాహిత్యం, శాసనాలు, జానపద విజ్ఞానం మీద విశ్వవిద్యాలయాలలో దశాబ్దాలుగా పరిశోధన జరుగుతున్నది. అందులో పెద్ద భాగం గ్రంథాలయ బీరువాలలోని సిద్ధాంత గ్రంథాలుగా, కొద్దిమందికే చేరే పత్రికల సంచికలుగా ఉంది. ఒక ప్రాచీన కవి మీద వ్యాసం రాసే స్వచ్ఛంద రచయితకు ఆ పరిశోధన అందదు; సులభంగా అందేది దినపత్రికలోని కథనం. నియమం ప్రకారం అతడు ఆధారం చూపినట్లే లెక్క. కాని సమీక్షకు నిలిచిన జ్ఞానం పాఠకుడికి చేరలేదు. ఈ లోపానికి స్వచ్ఛంద రచయితను బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. విజ్ఞాన సర్వస్వం దాని వెనుక ఉన్న గ్రంథాలయాన్ని మించి నమ్మదగినది కాజాలదు.

ఆచరణ సాధ్యమైన మార్గం లేదని కాదు. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల పాఠాన్ని సిద్ధం చేసే విధానం ఇందుకు నమూనాగా చూపదగినది. అచ్చు పుట చిత్రం ఒకవైపు, టైపు చేసిన పాఠం మరొకవైపు ఉంటాయి. ఒకరు అచ్చుదిద్దుతారు, మరొకరు సరిచూసి ఆమోదిస్తారు. ఆమోదించినవారి పట్టా ఏమిటని ఎవరూ అడగరు. సందేహం వచ్చిన పాఠకుడు చిత్రాన్ని చూసి తానే తేల్చుకుంటాడు. తాళపత్ర ప్రతులను పోల్చి పాఠాంతరాలను చూపే పరిష్కర్తల సంప్రదాయానికి ఇది దూరమైనది కాదు.

ముగింపు

పై పరిశీలన నుండి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. ప్రచురణకు ముందే నిపుణుని ఆమోదాన్ని తప్పనిసరి చేసిన బహిరంగ ప్రయత్నాలు నాణ్యతను సాధించినా విస్తృతిని సాధించలేకపోయాయి. నుపీడియా, సిటిజెండియం ఇందుకు నిదర్శనాలు. నిపుణుని ప్రమేయం లేని విస్తృతి సీగెన్‌థాలర్, స్కాట్స్ ఉదంతాల వంటి వాటికి దారితీసింది. నిలిచిన పద్ధతి ఈ రెంటికీ మధ్యనున్నది. అందులో రచన అందరిది. పరీక్షకు కొలబద్ద సమీక్ష పొందిన ప్రచురణ. నిపుణుని పాత్ర అనుమతి ఇచ్చేవాని నుండి ఆధారాన్ని సమకూర్చేవానికి, దోషాన్ని పట్టి చూపేవానికి మారింది.

ఈ దృష్టితో చూసినప్పుడు, తెలుగు వికీపీడియాను విద్యార్థులు ఉల్లేఖించరాదని చెప్పి ఊరుకోవడం తెలుగు శాఖలకు సరిపోయే వైఖరి కాదు. నిషేధం ఉన్నా పాఠకులు దాన్ని చదువుతూనే ఉంటారు. సిద్ధాంత గ్రంథాలను, పత్రికల పాత సంచికలను అంతర్జాలంలో అందరికీ అందించడం, వ్యాసాలలోని ఉల్లేఖనలను మూలంతో పోల్చి చూసే అభ్యాసాన్ని పరిశోధన పద్ధతుల బోధనలో చేర్చడం, తమ రంగానికి చెందిన వ్యాసాల చర్చా పుటలలో దోషాలను ఆధారాలతో నమోదు చేయడం శాఖల పరిధిలోని పనులే. వీటికి కొత్త సంస్థలు అవసరం లేదు. లక్ష్మణరావు అకారం దగ్గర ఆగిపోవడానికి కారణం పాండిత్య లోపం కాదు. ఒక్క జీవితకాలానికి మించిన పని కావడం. నేడు ఆ పనిలో చేతులు పెరిగాయి. ఆ చేతులకు నమ్మదగిన ఆధారాలను అందించవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాలది.